బలపం తినే పిల్ల

(అనంతపురంలో ఉపాధ్యాయుల సమావేశంలో ఒక డాక్టర్ ప్రసంగం)

సార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

మీ క్లాసులో బలపం తినే పిల్ల ఒకరైనా ఉంటుంది. "బలపం తింటే కడుపులో పురుగులు పడతాయి" అని గదమాయిస్తాం. చిన్నప్పుడు నేనూ ఆ మాట పడినవాణ్నే. డాక్టరయ్యాక తెలిసింది, చాలాసార్లు కథ తిరగబడి ఉంటుందని. ముందు కొంకిపురుగు పేగు గోడను కరిచి పట్టుకుని రక్తం తాగుతుంది. ఒక్కోటి రోజుకు తాగేది మహా అయితే పావు మిల్లీలీటరు. కానీ అవి వందల్లో ఉండి, ఆ పిల్ల తినేది ఉత్త చారన్నమైతే ఒంట్లో ఇనుము ఎక్కడ మిగులుతుంది? ఇనుము తగ్గిన ఒళ్లు మట్టి, సుద్ద, బలపం కోరుతుంది. తిట్టకండి. కింది రెప్ప కొంచెం లాగి చూడండి. ఎర్రగా ఉండాల్సిన చోట సున్నం కొట్టినట్టుంటే ఆస్పత్రికి పంపండి.

"మాది ఎండ నేల, పురుగెట్లా బతుకుతుంది సార్?" అని కళ్యాణదుర్గం వైపు ఒకాయన అడిగారు. మంచి ప్రశ్నే. మలంతో నేల మీద పడ్డ కొంకిపురుగు గుడ్లలోంచి వచ్చే పిల్లకు తడి, నీడ కావాలి. మనవాళ్లు చెంబు పట్టుకుని పోయేదీ అట్లాంటి చోటికే కదా, కంపచెట్ల చాటుకు, వంక ఒడ్డుకు. చెప్పుల్లేని పిల్లల అరికాళ్లలోంచి అది లోపలికి దూరేది అక్కడే. ఏలికపాము అనే ఇంకో పేగు పురుగు నోటి దారిన వస్తుంది. ఆడది రోజుకు 2 లక్షల గుడ్ల దాకా పెడుతుంది, అవి మట్టిలో ఏళ్ల తరబడి ఉండగలవు. చేలో శెనక్కాయ చెట్టు పీకి, కాయను లాగుకు తుడిచి నోట్లో వేసుకోని పిల్లోడు మన జిల్లాలో ఉంటాడా?

ఇక మాత్ర. 2015లో దేశంలో మొదలైన జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం కింద ఫిబ్రవరి 10న పురుగుల్ని చంపే ఆల్బెండజోల్ మాత్ర ఇస్తున్నాం, ఆగస్టులో ఇంకో విడత. బ్యానర్ మీద నులిపురుగులని రాస్తాం గానీ అసలు గురి ఏలికపాములు, కొంకిపురుగులు, కొరడా పురుగులు. మీ కళ్లముందే నమిలించండి. ఒక బడిలో కొళాయి వెనక పదకొండు మాత్రలు ఏరాను నేను. జ్వరంగా ఉన్న పిల్లలకు ఆరోజు వద్దు, తగ్గాక ఇద్దాం. కొందరికి కడుపునొప్పి, వాంతి రావచ్చు, పురుగులు ఎక్కువున్న వాళ్లకే ఆ ఇబ్బంది ఎక్కువ. మామూలుగా కాసేపటికి తగ్గిపోతుంది. ఈలోపు ఊరంతా టెన్షన్ పడకుండా తల్లులకు ముందురోజే చెప్పి ఉంచండి.

మాత్ర ఈరోజు కడుపులో ఉన్నవాటిని చంపుతుంది, రేపు అరికాల్లోంచి వచ్చేదాన్ని ఆపలేదు. మీ బడి మరుగుదొడ్డి తాళంచెవి ఎవరి దగ్గరుందో ఈ పూటే కనుక్కోండి. నీళ్లు రావని తాళం వేసి ఉంటే, ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే పిల్లలు పరిగెత్తేది ఆ కంపచెట్ల చాటుకే.