గుండుతో వచ్చిన ఇద్దరు

శ్రోతలకు నమస్కారం. మా మేడ మీద వాటాలోకి నెల క్రితం ఒక కుటుంబం అద్దెకు దిగింది. ఆ ఇంటాయనతో మెట్ల దగ్గర రెండు మూడుసార్లు మాట్లాడాను. నీళ్ల మోటారు ఎప్పుడు వేయాలి, చెత్తబండి ఎన్నింటికొస్తుంది, అంతే. పోయిన వారం పొద్దున్నే ఒకాయన గేటు తీసుకుని దర్జాగా లోపలికొస్తున్నాడు. నున్నటి గుండు. "ఎవరు కావాలండీ?" అని అడ్డం నిలబడ్డాను. ఆయన నవ్వేసి, "నేనేనండీ, పై వాటా" అని నా చేతిలో లడ్డూ పెట్టారు. తిరుపతి వెళ్లొచ్చారన్నమాట. గుండు ఆయనకైతే, తల కొట్టేసినట్టయింది నాకు.

తమాషా ఏమిటంటే, అదే వారం మా మేనల్లుడు కూడా తిరుపతిలో గుండు చేయించుకున్నాడు. వాణ్ణి బస్టాండులో, అంత జనంలో, అల్లంత దూరం నుంచి చూసి "ఒరేయ్!" అని కేకేశాను. అదే గుండు, అవే నా కళ్లు. ఎదురుగా నిలబడ్డాయన తెలియలేదు, దూరంగా ఉన్నవాడు తెలిశాడు.

తెలిసిన ముఖాన్ని చూడటం, తెలియని ముఖాన్ని చూడటం మెదడుకి ఒకే పని కాదు. కొత్త ముఖమైతే జుట్టునీ, తల ఆకారాన్నీ ఎక్కువగా పట్టుకుంటాం. బాగా తెలిసిన ముఖమైతే కళ్లు, ముక్కు, నోరు ఉన్న లోపలి భాగం మీద ఆధారపడతాం. 1979లోనే బ్రిటన్‌లో ఈ తేడా చూపించారు. జుట్టు పోయింది, దాంతో నాకు పై వాటా ఆయనా పోయారు. మేనల్లుడి విషయంలో నేను జుట్టు మీద ఆధారపడితే కదా!

మెదడు అడుగు భాగాన, వెనక వైపుగా, ముఖాలు కనపడితే చురుగ్గా స్పందించే ఒక చోటుంది. చాలామందిలో కుడి వైపున బలంగా ఉంటుంది. అమెరికాలో నాన్సీ కాన్విషర్ బృందం 1997లో దాని గురించి ప్రచురించింది. అయితే ఎదురుగా ఉన్నది ఎవరో తేల్చడానికి ఆ ఒక్క చోటు చాలదు. ఆ మనిషి గొంతు, మనతో బంధుత్వం, పాత గొడవలు, ఇవన్నీ దాచుకున్న చోట్లు కూడా కదలాలి. పేరు మాత్రం అన్నిటికన్నా ఆఖర్న వస్తుంది. ఒక్కోసారి ఆయన వెళ్లిపోయాక వస్తుంది.

ఇక నాకు బాగా ఇష్టమైన ప్రయోగం చెప్తాను. 2011లో బ్రిటన్ శాస్త్రవేత్తలు రాబ్ జెంకిన్స్, మైక్ బర్టన్, వాళ్ల సహచరులు చేశారు. 40 ఫొటోల కట్ట ఒకటి పేకముక్కల్లా చేతికిచ్చారు. "ఒక మనిషి ఫొటోలన్నీ ఒక కుప్పగా వేయండి" అన్నారు. ఎంతమంది ఉన్నారో చెప్పలేదు. తొందర కూడా పెట్టలేదు. బ్రిటన్ వాళ్లు కూర్చుని, ముక్కలు అటూ ఇటూ జరిపి, కుప్పలు వేశారు. మామూలుగా ఏడెనిమిది కుప్పలు తేలాయి. ఒకరైతే ఏకంగా 16 వేశారు.

అసలు ఉన్నది ఎంతమందో తెలుసా? ఇద్దరు. ఇద్దరే! నెదర్లాండ్స్‌లో ప్రసిద్ధులైన ఇద్దరు ఆడవాళ్లవి, తలా 20 ఫొటోలు. అదే కట్ట నెదర్లాండ్స్ వాళ్లకిస్తే దాదాపు అందరూ చకచకా రెండు కుప్పలు వేసి చేతులు దులుపుకున్నారు. ఇందులో ఏముంది అన్నట్టు.

ఇక్కడొక చిత్రం ఉంది. ఇద్దరినీ కలిపి ఒకే కుప్పలో వేసిన తప్పు చాలా అరుదు. ఒకే మనిషిని ముక్కలు చేయడమే అసలు తప్పు. వెలుగు మారితే ఒక మనిషి, నవ్వితే ఇంకో మనిషి, జడ విప్పితే మరో మనిషి.

మన దగ్గర చేసి చూడండి. రామారావు గారివి 20, నాగేశ్వరరావు గారివి 20 ఫొటోలు కలిపి మా అమ్మకిస్తే, కళ్లజోడు లేకుండానే రెండు కుప్పలు పెడుతుంది. రామారావు గారి కృష్ణుడూ, దుర్యోధనుడూ, బృహన్నలా అన్నీ ఒకే కుప్పలో. అదే కట్ట ఆ బ్రిటన్ వాళ్లకిస్తే ఎన్ని తేలతాయో!

నేను బడిపంతుల్ని కాబట్టి ఎలక్షన్ డ్యూటీలు తప్పలేదు. ఓటరు జాబితాలో తపాలా బిళ్లంత ఫొటో, ఎదురుగా కొంగు కప్పుకున్న అవ్వ. ఆవిడే ఈవిడని ఎలా చెప్పను? అందుకే పోలింగ్ ఏజెంట్లు ఉంటారు. అవ్వ తలుపులో అడుగు పెట్టగానే "రా పెద్దమ్మా" అంటారు. అనుమానమొస్తే 2 రూపాయలు కట్టి ఛాలెంజ్ చేస్తారు. దొంగ ఓటు పట్టడంలో నా చదువు కన్నా వాళ్ల పరిచయమే నాకు అక్కరకొచ్చింది.

అనుభవంతో మెరుగుపడతామనుకుంటాం. ఆస్ట్రేలియాలో పాస్‌పోర్ట్ అధికారులకే పరీక్ష పెట్టారు, 2014లో ఫలితం వచ్చింది. ఎదురుగా నిలబడ్డ మనిషితో వేరే వాళ్ల ఫొటో పోల్చమంటే, నూటికి 14 సార్లు "అవును, ఈయనే" అన్నారు. ఏళ్ల తరబడి చేసినవాళ్లకీ, కొత్తగా చేరినవాళ్లకీ తేడా లేదు.

మరి బ్యాంకులోనో, గేటు దగ్గరో, కొత్త మనిషిని ఫొటోతో పోల్చాల్సి వస్తే ఏం చేయాలి? మొత్తం పోలిక చూసి "ఈయనలాగే ఉన్నాడే" అని తేల్చేయకండి. జుట్టు వదిలేయండి. చెవి చూడండి, దాని అంచు, తమ్మె. పుట్టుమచ్చలు, గాటు గుర్తులు చూడండి. ఒక్కొక్కటే విడివిడిగా. పదో తరగతి సర్టిఫికెట్లో మచ్చలు రాసిన మన పాత పంతుళ్లు తెలివైనవాళ్లే.

ఈ ప్రసంగం రాస్తూ నా సర్టిఫికెట్ తీసి చూసుకున్నాను. ఎడమ మోచేతి మీద మచ్చ ఉంది, సరిపోయింది. మెడ మీద రెండో మచ్చ ఎంత వెతికినా దొరకలేదు. మా ఆవిడ చేత కూడా వెతికించాను. ఆ రోజు మా సారు సిరా చుక్కని చూసి రాశారేమో.