విషం కన్నా ముందు చేరవలసిన కబురు

వ్యాఖ్యాత: నమస్కారం. రసాయన కర్మాగారాల్లో భద్రతా ఇంజనీరుగా చాలా ఏళ్లు పనిచేసిన మేడమ్ ఈరోజు మనతో ఉన్నారు. మేడమ్, ఒక దేశంలో కర్మాగారం పేలితే ఆ దేశమే చూసుకుంటుంది కదా, మధ్యలో అంతర్జాతీయ ఒప్పందాలు ఎందుకు అని చాలామందికి సందేహం. అక్కడినుంచే మొదలుపెడదామా?

అతిథి: నమస్కారమండి. ఒప్పందాలకన్నా ముందు ఒక శనివారం గురించి చెప్పనివ్వండి. 1976 జూలై 10. ఇటలీలో మిలాన్‌కు ఉత్తరాన సెవెసో అనే ఊరు. దాని పక్కనే ఇక్మెసా కర్మాగారం. అక్కడ ట్రైక్లోరోఫినాల్ అనే రసాయనం తయారుచేసేవారు. వారాంతం కదా, రాత్రి షిఫ్టు తెల్లవారి ముగిసేసరికి పనిని సగంలో ఆపి, సరుకును రియాక్టరులోనే, అంటే రసాయన చర్య జరిపే పెద్ద పాత్రలోనే వదిలి వెళ్లిపోయారు. వేడిచేసే ఆవిరిని కట్టేశారు. కలియబెట్టే మరనూ ఆపేశారు.

వ్యాఖ్యాత: అన్నీ ఆపేశాక ఇక ప్రమాదం ఎక్కడిది?

అతిథి: మర ఆగడమే కొంప ముంచింది. రియాక్టరు గోడ పైభాగం ఇంకా కాలిపోతూనే ఉంది. ఆ వేడంతా గోడకు ఆనుకున్న పై పొరకే పట్టింది. కలియబెట్టేది లేదు కాబట్టి కిందికి దిగలేదు. ఆ పలుచటి పొరలో చర్య మొదలై, తన వేడితో తానే రాజుకుంటూ పోయింది. మధ్యాహ్నం 12 గంటల 37 నిమిషాలకు, ఒత్తిడి మితిమీరితే పగిలేలా అమర్చిన బిళ్ల పగిలి, లోపలి రసాయనాలు మబ్బులా లేచి ఊరిమీదికి వెళ్లాయి. ఆ మబ్బులో డయాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంది.

వ్యాఖ్యాత: ఊరివాళ్లకు ఎప్పుడు తెలిసింది?

అతిథి: నా బాధ అక్కడేనండి. ముందు కుందేళ్లు, కోళ్లు చచ్చిపోయాయి. పిల్లల ఒంటిమీద పొక్కులు లేచాయి. ఇళ్లు ఖాళీ చేయించడం మొదలయ్యేసరికి రెండు వారాలు గడిచాయి. అన్ని రోజులూ వాళ్లు ఆ మట్టిలోనే తిరిగారు, ఆ తోటల్లో కాసినవి తిన్నారు. ఆ బిళ్ల పగిలి విషం బయటపడడం ఒక ప్రమాదమైతే, ఆ రెండు వారాల మౌనం దాని తర్వాత జరిగిన ఇంకో ప్రమాదం అంటాను.

వ్యాఖ్యాత: సెవెసో ఆదేశం అని యూరప్‌లో వినిపించే చట్టం దీని తర్వాతిదేనా?

అతిథి: అవును. 1982లో వచ్చింది. 1996లో ఒకసారి, 2012లో మరోసారి తిరగరాశారు. ప్రమాదకర పదార్థాలను పెద్ద మొత్తంలో నిలవ ఉంచేవారు ఆ సంగతి ప్రభుత్వానికి చెప్పాలి, చుట్టుపక్కల జనానికీ చెప్పాలి, ప్రమాదం జరిగితే దాచకూడదు. ఆ చట్టం వచ్చిన రెండేళ్లకే, 1984 డిసెంబరులో, భోపాల్. దాని గురించి మాట్లాడటం నాకు ఇప్పటికీ కష్టమే. ఊపిరాడక ఆసుపత్రికి వచ్చిన వేలమందిని చూస్తున్న డాక్టర్లకు, అది ఏ వాయువో, ఏ మందు వేయాలో సరిగ్గా చెప్పే దిక్కు లేదు. గోడకు ఇవతల ఉన్నవాళ్లకు గోడకు అవతల ఏముందో తెలిసి ఉండాలన్న ఆలోచనతో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 1988లో ‘అపెల్’ అనే పథకం తెచ్చింది. కర్మాగారం, స్థానిక అధికారులు, పక్కనున్న జనం కలిసి ముందే సిద్ధపడాలన్నది దాని సారం.

వ్యాఖ్యాత: మరి సరిహద్దులు దాటే సంగతి?

అతిథి: దానికి రైన్ నది కథ చెప్పాలి. 1986 నవంబరు 1 తెల్లవారుజామున, స్విట్జర్లాండ్‌లో బాసెల్ దగ్గర సాండోజ్ కంపెనీ గోదాము అంటుకుంది. అందులో పురుగుమందులు ఉన్నాయి. అగ్నిమాపక దళం నీళ్లు కొట్టింది, మంట ఆరింది. ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? నిలబెట్టడానికి సరిపడా తొట్టి లేదు. విషాన్ని మోసుకుని నేరుగా రైన్‌లో కలిశాయి. నది ఎర్రబడింది. దిగువన జర్మనీ, ఫ్రాన్స్, నెదర్లాండ్స్. ఈల్ చేపలు గుట్టలుగా చచ్చి తేలాయి. మంట ఆర్పిన నీటిని కూడా పట్టి ఉంచాలని ఈరోజు ఏ భద్రతా ఇంజనీరైనా తడుముకోకుండా చెబుతాడు. ఆ పాఠానికి ఒక నది మూల్యం చెల్లించింది.

వ్యాఖ్యాత: ఒప్పందం దాని నుంచే పుట్టిందా?

అతిథి: ఇలాంటి అనుభవాలే అక్కడికి తీసుకెళ్లాయి. ఐక్యరాజ్యసమితి యూరప్ ఆర్థిక సంఘం ఆధ్వర్యంలో 1992లో హెల్సింకీలో, పారిశ్రామిక ప్రమాదాలు సరిహద్దు దాటినప్పుడు ఏం చేయాలన్న ఒడంబడిక కుదిరింది. అమలులోకి వచ్చింది 2000 ఏప్రిల్‌లో. నాకు అందులో బాగా నచ్చిన మాట ఒకటుంది. కర్మాగారం గురించి తెలుసుకునే, అభిప్రాయం చెప్పే అవకాశం సొంత ప్రజలకు ఎంత ఉందో, పొరుగుదేశపు ప్రజలకూ అంతే ఉండాలి. గాలికీ నీటికీ పాస్‌పోర్టు అక్కరలేదు కదండి, మరి సమాచారానికి ఎందుకు ఉండాలి?

వ్యాఖ్యాత: అలా ముందుగా చెప్పడం నిజంగా పనిచేసిన సందర్భం ఉందా?

అతిథి: ఉంది. ఆ ఒడంబడిక అమలులోకి రావడానికి ఇంకా మూడు నెలల లోపే ఉందనగా, 2000 జనవరి 30న, రొమేనియాలో బాయా మారే దగ్గర బంగారు గని వ్యర్థాల చెరువు గట్టు తెగింది. దాదాపు లక్ష ఘనమీటర్ల సయనైడు నీళ్లు వాగుల గుండా హంగేరీలోని టిసా నదికి, అక్కడినుంచి డాన్యూబ్‌కు చేరాయి. చేపలు వెయ్యి టన్నులకు పైగా చనిపోయాయి. అయితే డాన్యూబ్ దేశాలు అప్పటికే ఒక హెచ్చరిక వ్యవస్థ పెట్టుకున్నాయి. దిగువ ఊళ్లకు కబురు ముందే అందింది, మనుషులెవరూ చనిపోలేదు. సెవెసోలో రెండు వారాలు పట్టిన పని ఇక్కడ విషం కన్నా ముందు నడిచింది.

వ్యాఖ్యాత: ప్రమాదం అయిపోయాక రాసే నివేదికల సంగతి? అవి ఎవరైనా చదువుతారా?

అతిథి: నేను చదువుతాను, రాత్రిళ్లు కూర్చుని మరీ. ‘ఇమార్స్’ అనే ప్రమాద నివేదికల భాండారం ఉంది. సెవెసో ఉన్న లొంబార్దీలోనే, ఇస్ప్రా అనే ఊళ్లోని యూరోపియన్ పరిశోధన కేంద్రం దాన్ని నడుపుతుంది. ఒక్కరు చనిపోయినా, లోపల ఆరుగురు గాయపడి ఒక రోజైనా ఆసుపత్రిలో ఉన్నా, సరిహద్దు దాటి ప్రభావం పడినా, యూరోపియన్ యూనియన్ సభ్యదేశాలు అందులో నమోదు చేయాల్సిందే. మరికొన్ని దేశాలు స్వచ్ఛందంగా పంపుతాయి. చదివేవారికి కంపెనీ పేరు కనిపించదు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఏం నేర్చుకున్నారు అన్నది మాత్రం కనిపిస్తుంది. అది సరైన పద్ధతి అని నా నమ్మకం. పరువు పోతుందన్న భయం ఉంటే ఎవరూ నిజం రాయరు.

వ్యాఖ్యాత: త్రుటిలో తప్పినవి కూడా రాయాలంటారా?

అతిథి: అవే ముందు రాయాలి. 2005 డిసెంబరు 11న ఇంగ్లండ్‌లో బన్స్‌ఫీల్డ్ ఇంధన డిపో పేలింది. పెట్రోలు ట్యాంకు నిండుతూనే ఉంది, మట్టం చూపే గేజీ మాత్రం రాత్రి మూడింటి నుంచి ఒకే అంకె దగ్గర నిలిచిపోయింది. దానికి అండగా ఉండాల్సిన స్విచ్ కూడా పనిచేయలేదు. తెల్లవారుజామున ట్యాంకు పొర్లింది, ఆరు గంటలకు పేలుడు. తర్వాత తేలిందేమిటంటే, ఆ గేజీ అంతకుముందు మూడున్నర నెలల్లో పద్నాలుగు సార్లు నిలిచిపోయింది.

వ్యాఖ్యాత: పద్నాలుగు సార్లా!

అతిథి: అది చదివినప్పుడు నా చేతులు చల్లబడ్డాయి. ఎందుకంటే ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలాంటి గేజీనే చూశాను. ఒక ఆపరేటరు పైపును రెంచితో తట్టాడు, చప్పుడు తేడాగా ఉందని పంపు ఆపాడు. చూస్తే ట్యాంకు అంచుదాకా నిండి ఉంది. రాద్దామంటే మా పైఅధికారి, ‘ఏమీ కాలేదు కదమ్మా, ఎందుకు’ అన్నారు. నేను రాయలేదు. ఆ తప్పు నాదే.

వ్యాఖ్యాత: ఇప్పుడు కొత్త కర్మాగారానికి వెళితే ముందు ఏమి చూస్తారు?

అతిథి: త్రుటిలో తప్పినవి రాసే రిజిస్టరు అడుగుతాను. ఖాళీగా ఉంటే భయం వేస్తుంది. అప్పుడు కంట్రోల్ రూములో ఆపరేటర్ల పక్కన కుర్చీ వేసుకుని, ఏ గేజీ మొరాయిస్తోందో అడుగుతాను. మొదటి రోజు అన్నీ బాగున్నాయంటారు. నాలుగో రోజుకు ఎవరో ఒకరు లేచి, ‘ఇలా రండి మేడమ్, ఒకటి చూపిస్తాను’ అంటారు.