ఇంట్లోనే పంచ్ బలం: డంబెల్స్, బ్యాండ్, గోనె సంచి – ఏది పనికొస్తుంది?

నమస్కారం. గుంటూరు అరండల్‌పేటలోని మా డాబా మీద నుంచి ఈ వీడియో చేస్తున్నాను. బాక్సింగ్ మీద ఆసక్తి ఉండి, జిమ్‌కు వెళ్లే వీలు లేనివారు ఇంట్లోనే దెబ్బలో బలం పెంచుకోవడానికి సాధారణంగా వాడే చిన్న డంబెల్స్‌ను, రబ్బరు బ్యాండ్‌ను, స్కిప్పింగ్ తాడును, సొంతంగా కుట్టుకున్న గోనె సంచిని ఇక్కడ పెట్టాను. వీటిలో దేనికి డబ్బు పెట్టవచ్చో, దేనికి పెట్టనక్కరలేదో చెబుతాను.

ఆ మాట తేల్చాలంటే దెబ్బ ఎక్కడ పుడుతుందో చూడాలి. కుడిచేతివాటం వారు వెనుక ఉంచే కుడిచేత్తో నేరుగా కొట్టే క్రాస్ పంచ్‌నే గమనించండి. వెనుక కాలి మడమ పైకి లేచి, మునివేళ్లు నేలను తంతూ పాదం లోపలికి తిరుగుతుంది. ఆ తోపుకు తుంటి, తుంటి వెంట నడుము, నడుము వెంట భుజం తిరిగి, అన్నిటికంటే చివర పిడికిలి బయలుదేరుతుంది. తడి తువ్వాలును విదిలిస్తే దాని చివరి అంచు టప్పున మోగేది కూడా ఇలా ఒక భాగం వేగం తరువాతి భాగానికి అందడం వల్లనే. తుంటి కదలకముందే చెయ్యి చాచినవారి దెబ్బలో చేతి బరువు మాత్రమే ఉంటుంది, ఒంటి బరువు ఉండదు. 1919 నుంచి 1926 వరకు హెవీవెయిట్ ప్రపంచ చాంపియన్‌గా ఉన్న జాక్ డెంప్సీ, ముందు కాలు నేలను తాకే లోపే దెబ్బ తగిలేలా ఒంటి బరువును ముందుకు పడనివ్వాలని చెప్పేవాడు. దీన్ని సాధన చేయడానికి పైసా ఖర్చు లేదు.

ఇక డంబెల్స్ సంగతి. కిలో బరువులు రెండు చేతుల్లో పట్టుకుని గాలిలో పంచ్‌లు విసరడం చూడటానికి బాగుంటుంది కానీ, పంచ్ ముందుకు పోతుంటే బరువు కిందికి లాగుతుంది కనుక, అలసేది భుజం ముందు కండ మాత్రమే. పైగా వేగంగా విసిరితే మోచేతి కీలు మీద కుదుపు పడుతుంది. ఈ పనికోసమైతే కొనవద్దనే నా సలహా.

బ్యాండ్ అంతకంటే నయం. వీపు వెనుకగా వేసుకుని కొడితే లాగుడు పంచ్‌కు ఎదురు దిశలోనే ఉంటుంది. అయితే రబ్బరు సాగేకొద్దీ బిగుసుకుంటుంది కాబట్టి, పిడికిలి అత్యంత వేగంగా ఉండవలసిన చివరి అంగుళాల్లోనే అది చేతిని వెనక్కి పట్టేస్తుంది. అందుకే పలుచని బ్యాండ్ తీసుకుని, దానితో కొన్ని పంచ్‌లు వేసిన వెంటనే తీసేసి ఖాళీ చేతులతో కొట్టాలి. స్కిప్పింగ్ తాడు పాదాల లయకు, ఊపిరికి మంచిది. దెబ్బ బలానికి దాని సాయం స్వల్పమే.

నాకు అన్నిటికంటే నచ్చినది గోనె సంచి. ఇందులో ఇసుక మాత్రం పోయకండి. నాలుగు రోజుల్లో అది అడుగుకు దిగిపోయి రాయిలా గట్టిపడుతుంది. పాత బట్టల గుండీలు, జిప్పులు, హుక్కులు కత్తిరించేసి, పేలికలుగా చేసి, కొంచెం కొంచెంగా వేస్తూ రోకలితో దట్టించాలి. గోనె నార చర్మాన్ని గీరేస్తుంది కనుక పైన పాత దుప్పటి తొడుగు కుట్టించుకోవాలి. మన ఊరివారికి ఒక ప్రత్యేకమైన హెచ్చరిక: చవకగా దొరికింది కదా అని మిర్చి నింపిన పాత టిక్కీ, అంటే మిర్చి బస్తా గోనె, తెచ్చుకోకండి. ఎంత దులిపినా కారం నారలోనే ఉండిపోతుంది, దెబ్బ వేసిన ప్రతిసారీ ఘాటు లేచి కళ్లు మండుతాయి, తుమ్ములతోనే సాధన ముగిసిపోతుంది. బియ్యం గోనె దొరికితే మేలు.

సంచిని ఫ్యాను కొక్కేనికి వేలాడదీయవద్దు. ఆ కొక్కెం నిలకడగా ఉండే బరువును ఉద్దేశించి వేసినది. ఊగుతూ కుదిపే బరువు వేరు. పెరట్లో గట్టి చెట్టుకొమ్మ ఉంటే సరి, అపార్ట్‌మెంటులో ఉన్నవారు గోడకు ఆనించి, మరొకరి చేత పట్టించుకోవచ్చు. సంచి ఎంత దూరం ఊగితే అంత బలమని అనుకోకండి. తోసినా సంచి ఊగుతుంది. సరైన దెబ్బకు సంచి తగిలినచోటే కుంగి, పొట్టిగా, బరువుగా శబ్దం వస్తుంది. అలా రావాలంటే చెయ్యి దారిలో వదులుగా ఉండి, తగిలే క్షణంలో మాత్రమే పిడికిలి బిగుసుకోవాలి.

చేతి రక్షణ విషయంలో పిసినారితనం పనికిరాదు. చూపుడువేలు, మధ్యవేలు మొదళ్ల కణుపులు సంచికి తగలాలి. చిటికెనవేలి వైపు తగిలితే ఆ వేలి మొదలున అరచేతిలో ఉండే ఎముక విరిగే ప్రమాదం ఉంది. బాక్సర్ల పేరుతోనే పిలిచే గాయం (బాక్సర్స్ ఫ్రాక్చర్) అదే. అందువల్ల నాలుగున్నర మీటర్ల చేతిపట్టీలు కొనుక్కోండి. ఈ వీడియోలో నేను తప్పనిసరి అనే కొనుగోలు ఇదొక్కటే.

సంచి లేనివారు నిరుత్సాహపడనక్కరలేదు. బస్కీ నుంచి పైకి ఎగరడం, దండాల్లో చేతులు నేల విడిచేలా తోసుకోవడం అనే రెండు పనులే కాళ్లకు, ఛాతీకి పేలుడులా ఒక్కసారిగా విడుదలయ్యే బలం ఇస్తాయి. వీటిని అయిదేసి చొప్పున, పూర్తి వేగంతో, మధ్యలో రెండు మూడు నిమిషాలు విశ్రాంతితో చేయాలి. యాభై బస్కీలు వరుసగా తీస్తే ఓపిక పెరుగుతుంది కానీ వేగం పెరగదు. వారానికి రెండు రోజులు చాలు, ఆ రెండింటి మధ్య రెండు రోజులైనా ఎడం ఉండాలి. మే నెల ఎండల్లో తెల్లవారుజామున తప్ప డాబా ఎక్కకండి.

బలం పెరిగిందో లేదో తెలియాలంటే రెండు మూడు కిలోల మూటను నడుము పక్క నుంచి తుంటి తిప్పుతూ విసిరి, పడినచోట సుద్దతో గీత గీయండి. నెలకొకసారి అదే మూటతో, అదే చోట నిలబడి విసిరితే గీత ముందుకు జరిగిందో లేదో కనబడుతుంది. గీత ముందుకు జరగకపోతే సెల్‌ఫోనులో పక్కనుంచి స్లో మోషన్‌లో వీడియో తీసి చూసుకోండి. చాలామందికి వెనుక మడమ నేలకే అతుక్కుని ఉండటం కనిపిస్తుంది.