మా నాన్న కడిగిన కుండ

వేదిక మీది పెద్దలకు, ఉపాధ్యాయులకు, పిల్లలకు నమస్కారం. జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు శ్రీకాకుళంలో నన్ను పిలిచి, పులియడం వెనుక రసాయన శాస్త్రం చెప్పమన్నారు. బీరు, సైడరు ఇళ్లలో ఎలా తయారుచేస్తారో, దానికేం సామాను కావాలో రాసుకొచ్చాను.

అమెరికాలో సొంతానికి బీరు చేసుకోవచ్చని 1978లో చట్టం తెచ్చారు. మన దగ్గర లైసెన్సు లేకుండా చేస్తే నేరం, పిల్లలూ. అక్కడ మా అబ్బాయి చేస్తుంటే చూశాను. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానబెట్టి తియ్యటి రసం తీశాడు. హాప్స్ పూలు వేసి గంటసేపు మరిగించి, చల్లార్చి, తీపిని ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడ్‌గా మార్చే ఈస్టు కలిపాడు. ఆపిల్ రసంతో చేసే సైడరుకు మరిగించే పని కూడా లేదు. జాడీ మూతికి నీళ్లు పోసిన చిన్న గొట్టం బిగిస్తారు. లోపలి కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. గాలి తగిలితే ఆల్కహాలు కాస్తా వెనిగర్ అయిపోతుంది.

వాడు అన్నిటికంటే ఎక్కువసేపు చేసింది కడగడం. జాడీ, గొట్టం, గరిటె, మూత. నేను సాయం చేయబోతే "చెయ్యి పెట్టకండి నాన్నా" అన్నాడు. ఆ మాట నాకు కొత్త కాదు.

మా నాన్న తాటిచెట్లు గీసేవారు. కల్లు గెల నుంచి బొట్టుబొట్టుగా కారుతుండగానే పులియడం మొదలవుతుంది. పాత పులుపు కుండలో మిగిలితే కొత్త కల్లు పాడే. అందుకే ఆయన కుండ లోపల కొబ్బరిపీచుతో తోమి, ఎండలో బోర్లించి, ఎండుగడ్డి పొగ పట్టించేవారు. తరవాత ముఖం కుండలో పెట్టి వాసన చూసేవారు. నచ్చలేదా, మళ్లీ మొదటికి. నీరా, అంటే పులవని తియ్యటి రసం, పట్టే కుండకైతే లోపల సున్నం పూసేవారు, పులవకుండా. నేను దగ్గరికెళితే "చెయ్యి పెట్టకురా" అనేవారు.

ఎనిమిదో తరగతిలో ఒక మాస్టారు, పేరు చెప్పను, "కల్లు వాసన వస్తోంది, వెనక్కి పో" అన్నారు. ఏడాదంతా చివరి బెంచీలోనే కూర్చున్నాను. ఈస్టు పాఠం అక్కడి నుంచే విన్నాను. తరవాత ముప్పై ఏళ్లు అదే పాఠం నేనూ చెప్పాను. ఏనాడూ మా నాన్న కుండ మాట ఎత్తలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అధ్యక్షులవారూ, ఒక్క నిమిషం. రసం సాంద్రత కొలిచే హైడ్రోమీటరు సంగతి వదిలేస్తున్నాను. పిల్లలూ, మీలో గీత కార్మికుల ఇళ్లవాళ్లు ఎవరైనా ఉన్నారా? చెయ్యెత్తండి. భయం లేదు. ఆ చివరి వరుసలో... అవునమ్మా, నువ్వే. ముందుకు రా. మీ ఇంట్లో కుండ ఎలా కడుగుతారో చెప్పు తల్లీ. ఆ మైకు కాస్త కిందికి దించండి, అందడం లేదు.