సిస్టర్‌ని సస్పెండ్ చేస్తే వార్డు బాగుపడుతుందా?

నమస్తే అబ్బా! ఆ వీడియో మీరంతా చూసే ఉంటారు. క్యాజువాలిటీలో పేషెంటు తాలూకు వాళ్లు సిస్టర్ మీద అరవడం, ఆ పిల్ల కూడా నోరు జారడం, తెల్లారేసరికి సస్పెన్షన్ ఆర్డరు. ఏ ఆసుపత్రో చెప్పను, మన సీమలో యాడికి పోయినా ఇదే కథ. కింద కామెంట్లన్నీ "మంచి పని చేశారు" అనే.

ఏం మంచి పనబ్బా? నేనొక మాట చెప్తా, రాసి పెట్టుకోండి. డాక్టరు మొహమ్మీదే "సార్, ఆగండి" అని సిస్టర్ అనగలిగిన వార్డే మంచి వార్డు. అనలేని చోట ఎంత పెద్ద ప్రొఫెసరున్నా, ఎన్ని కోట్ల మిషన్లున్నా దండగ.

రాత్రి రెండు గంటలనుకోండి. పేషెంటుకు పొటాషియం తక్కువుంది. నిద్ర లేక కళ్లు మూతలు పడుతున్న హౌస్ సర్జన్ "ఇచ్చేయ్ సిస్టర్" అని పక్క బెడ్డుకు పోతాడు. ఆ మందు సెలైన్‌లో కలిపి మెల్లగా ఎక్కించాలి. ఆంప్యూల్ పగలగొట్టి నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. సిస్టర్‌కు ఇది తెలుసు. తెలిసీ అడుగుతుందా, లేక "మనకెందుకులే, పొద్దున రౌండ్స్‌లో అందరి ముందూ కడిగేస్తాడు" అని ఊరుకుంటుందా? టీమ్ అంటే ఆ అర నిమిషమే. మీటింగు హాల్లో పీపీటీ, సమోసా కాదు!

నా సొంత పైత్యం అనుకుంటున్నారా? 2001లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ఐసీయూలో పీటర్ ప్రోనోవోస్ట్ అనే డాక్టరు, పెద్ద నరంలో లైను, అంటే మందులెక్కించే సన్న గొట్టం, వేసే పనికి అయిదు మెట్ల చీటీ రాశాడు. చేతులు కడుక్కో, మాస్కు పెట్టుకో, ఇట్లాంటివే. ఎంబీబీఎస్ పిల్లోడికీ తెలిసినవే. కానీ డాక్టరు ఒక్క మెట్టు దాటేసినా ఆపే అధికారం నర్సు చేతికిచ్చారు. ఏడాదిలో ఆ లైను ఇన్ఫెక్షన్లు 11 శాతం నుంచి సున్నాకు పడిపోయినాయి. చీటీ వల్ల కాదబ్బా, ఆపే అధికారం వల్ల! చీటీలు మన దగ్గర గోడ నిండా ఉన్నాయి.

ఇంకోటి వినండి, భలే ఉంటుంది. పేషెంటు సంగతి డాక్టరుకు ఫోన్లో ఎట్లా చెప్పాలో నేర్పే ఎస్‌బీఏఆర్ పద్ధతి ఉంది కదా, అది పుట్టింది ఆసుపత్రిలో కాదు, అమెరికా నేవీ అణు జలాంతర్గాముల్లో. ఇప్పుడేమైంది, అంతకుముందు ఏమైంది, నాకేమనిపిస్తోంది, ఏం చేయాలి. ఆ మూడోది చూడండి, "నాకేమనిపిస్తోంది"! మన సిస్టర్‌ని ఆ మాట ఎవరైనా అడిగినారా?

సిస్టర్ దాకా ఎందుకు? కర్నూలు పెద్దాసుపత్రికి ఆదోని నుంచి వస్తారు, నంద్యాల నుంచి వస్తారు, తుంగభద్ర దాటి గద్వాల నుంచి వస్తారు, రాయచూరు నుంచీ వస్తారు. అంత జనంలో పేషెంటు మొహం తెల్లబడిందని ముందు చూసేది స్ట్రెచర్ తోసే ఎంఎన్ఓ, అంటే మగ నర్సింగ్ ఆర్డర్లీ. ఆయన "సార్, ఈయప్పకు ఏదో అయితాంది" అంటే "నువ్వు నీ పని చూసుకో" అంటారు. మళ్ల టీమ్ వర్క్ మీద ట్రైనింగట!

ఇప్పుడు ఆ సస్పెన్షన్ ఆర్డరుకు వద్దాం. అమ్మాయి నోరు జారింది, ఒప్పుకుంటా. ఆ రాత్రి ఎన్ని బెడ్లకు ఒక్కతే ఉందో ఆర్డరులో రాశారా? ఆ ఒక్క కాగితం చూసి మిగతా సిస్టర్లంతా నోరు మూసుకుంటారు. పేషెంటు దగ్గరే కాదు, డాక్టరు దగ్గర కూడా. పొటాషియం రాత్రి కూడా!

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్లకు 19 అంశాల చెక్‌లిస్టు ఇచ్చింది. కత్తి పెట్టే ముందు అందరూ తమ పేరు, తమ పని చెప్పుకోవాలని అందులోనే ఉంది. మన దగ్గర ఒకరు "సిస్టర్", ఒకరు "ఏయ్", ఇంకొకరు "ఆయమ్మ".

డాక్టర్లు ఇప్పుడు కామెంట్లలో నన్ను తిడతారు, తెలుసు. తిట్టండి సార్. కాకపోతే నిన్న రాత్రి మీ వార్డులో డ్యూటీ చేసిన ఎఫ్ఎన్ఓ (ఆడ నర్సింగ్ ఆర్డర్లీ) పేరు మీకు తెలుసో తెలీదో ముందు రాసి, తర్వాత తిట్టండి.