మామూలు ఆర్ఎక్స్-7కు టర్బో బిగించడం: టైమింగ్ సరిచూశాకే బూస్ట్

నమస్కారం. ఈ వీడియోలో రెండో తరం మాజ్డా ఆర్ఎక్స్-7కు, అంటే 1986 నుంచి 1991 దాకా అమెరికాలో అమ్మిన కారుకు, అందులోనూ కంపెనీ టర్బో లేకుండా ఇచ్చిన 13బీ రోటరీ ఇంజిన్‌కు (పిస్టన్ల బదులు త్రికోణాకారపు రోటర్లు తిరిగే ఇంజిన్) టర్బోచార్జర్ బిగిస్తున్నాం. అమెరికాలో సొంత గ్యారేజీలో ఇలాంటి కారు పెట్టుకున్న మనవాళ్ల కోసం చేస్తున్న వీడియో కనుక ఒత్తిడిని పీఎస్ఐలోనే, అంటే చదరపు అంగుళానికి పౌండ్లలోనే, చెబుతాను. కాలిఫోర్నియాలో ఉన్నవారు మాత్రం అక్కడి ఎమిషన్ నిబంధనలు చూసుకున్నాకే స్పానర్ పట్టుకోవాలి.

రోటరీకి టర్బో కొత్త విషయమేమీ కాదు. మాజ్డా 1982లోనే కాస్మోలో 12ఏ టర్బో ఇచ్చింది, ఈ ఆర్ఎక్స్-7లోనూ టర్బో టూ అనే రకం ఉంది. మన ఇంజిన్‌కూ దానికీ ముఖ్యమైన తేడా కంప్రెషన్ నిష్పత్తిలో ఉంది: 1988 దాకా వచ్చిన మామూలు ఇంజిన్‌లో 9.4, టర్బోలో 8.5, 1989 తర్వాత మామూలుది 9.7, టర్బోది 9.0. ఈ తేడా వల్ల టర్బో పెట్టకూడదని కాదు, డెటొనేషన్‌కు, అంటే ఇంధనం అదుపు తప్పి పేలే నాకింగ్‌కు, మనకున్న వెసులుబాటు తక్కువని అర్థం. ఈ ఇంజిన్‌లో రోటర్ మూలల్లో ఉండే ఏపెక్స్ సీల్ మందం 2 మిల్లీమీటర్లు మాత్రమే. పిస్టన్ ఇంజిన్ కాస్త నాకింగ్‌ను ఓర్చుకుంటుంది కానీ, ఇక్కడ ఒక్క గట్టి దెబ్బకే సీల్ విరిగి, ఆ ముక్క హౌసింగ్‌ను గీరుకుంటూ ఎగ్జాస్ట్‌లోంచి వెళ్లి టర్బైన్ రెక్కలకు తగులుతుంది. కాబట్టి మన లక్ష్యం 6 నుంచి 7 పీఎస్ఐ బూస్ట్ (టర్బో నెట్టే గాలి అదనపు ఒత్తిడి), అంతకు మించి వద్దు.

మొదట కంప్రెషన్ పరీక్ష. ఒక్కో రోటర్‌కు మూడు ముఖాలుంటాయి కనుక మామూలు గేజ్ ఆ మూడింటిలో ఎక్కువున్న దాన్నే పట్టి చూపిస్తుంది, బలహీనమైన ముఖం కనిపించకుండా పోతుంది. రోటరీకని చేసిన టెస్టర్ మూడు అంకెలనూ విడివిడిగా చూపిస్తుంది, ఇదిగో తెరమీద చూడండి. 250 ఆర్‌పీఎం దగ్గర 85 పీఎస్ఐ కంటే తక్కువ వస్తే ఆ ఇంజిన్‌కు టర్బో సంగతి మరిచిపోయి, ముందు రీబిల్డ్ గురించి ఆలోచించండి. ఈ టెస్టర్ కొనడం దండగని కొందరంటారు; నేనైతే టర్బో కంటే ముందు దీన్నే కొంటాను.

పాత ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ విప్పడం మీకు తెలిసిందే, బోల్టులకు ముందురోజు రాత్రే పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టి ఉంచండి. మేనిఫోల్డ్ వచ్చేశాక పోర్టులోకి ఇలా టార్చ్ వేసి చూడండి. లోపల అడ్డంగా చీలికలా ఒక లోహపు ముక్క కనిపిస్తోంది కదా, అది మామూలు ఇంజిన్ హౌసింగ్‌లలో ఉండే డిఫ్యూజర్. టర్బో వేడికి అది విరిగితే నేరుగా టర్బైన్‌లోకే వెళుతుంది. ఇంజిన్ విప్పి ఉన్నవారు దాన్ని తీసేయడం మంచిది. విప్పనివారు కనీసం పగుళ్లు లేవని నిర్ధారించుకోవాలి.

మేనిఫోల్డ్, గ్యాస్కెట్, టర్బో వరుసగా బిగించాను, ఇందులో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఆయిల్ రిటర్న్ దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగుదాం. టర్బోలోకి ఆయిల్ ఒత్తిడితో వెళుతుంది కానీ, బయటికి నురగలా, కేవలం తన బరువుతో కిందికి జారుతుంది. అందుకే రిటర్న్ గొట్టం లావుగా ఉండాలి, ఎక్కడా వంపు తిరిగి పైకి లేవకూడదు, ఆయిల్ పాన్‌లో నూనె మట్టానికి పైభాగాన కలవాలి. ఇక్కడ పాన్ విప్పి ఈ బంగ్ (గొట్టం బిగించే మరల ముక్క) వెల్డింగ్ చేయించాను. రిటర్న్ సరిగా లేకపోతే టర్బో సీల్ దాటి నీలిపొగ వస్తుంది. రోటరీ ఎలాగూ నూనె కాలుస్తుంది కాబట్టి ఆ పొగను ఇంజిన్ మీదకు నెట్టేసి అసలు కారణాన్ని వదిలేస్తుంటారు.

ఇక ఆరు పోర్టుల సంగతి. మామూలు 13బీలో అదనపు ఇన్‌టేక్ పోర్టులకు తిరిగే స్లీవులుంటాయి. 1988 దాకా వాటిని ఎగ్జాస్ట్ ఒత్తిడి తెరిచేది, మనం ఆ మేనిఫోల్డ్‌నే తీసేశాం. కొందరు వాటిని శాశ్వతంగా తెరిచి తీగతో కట్టేస్తారు. అది తేలికే కానీ కింది ఆర్‌పీఎంలో లాగుడు తగ్గుతుంది. నేను బూస్ట్ ఒత్తిడితోనే తెరుచుకునేలా గొట్టం కలిపాను.

ఇంటర్‌కూలర్, పైపులు, క్లాంపులు బిగించడాన్ని వేగంగా చూపిస్తున్నాను. ఫ్యూయల్ పంపు, ఇంజెక్టర్లు కూడా మార్చాం. మామూలు కారులో నాలుగూ 460 సీసీవి, టర్బో టూలో 550 సీసీవి, మనకు సెకండరీలు (లోడ్ పెరిగాక అదనంగా తెరుచుకునే జత) అంతకంటే పెద్దవి కావాలి. కొత్త ఇంజెక్టర్ల రెసిస్టెన్స్‌ను తప్పకుండా మల్టీమీటర్‌తో కొలవండి. 12 ఓమ్‌లకు అటూ ఇటూ ఉంటే హై ఇంపీడెన్స్, 2, 3 ఓమ్‌లుంటే లో ఇంపీడెన్స్. రెండోదైతే డ్రైవర్ లేక రెసిస్టర్ సంగతి చూడాలి.

ఇప్పుడు ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్. కంపెనీ ఈసీయూకు బూస్ట్ అంటే తెలియదు కనుక స్టాండలోన్, అంటే మనమే సెట్ చేసుకునే విడి ఈసీయూ, పెట్టాం. వైరింగ్ పూర్తయ్యాక బేస్ టైమింగ్, అంటే ఈసీయూ అనుకున్న చోటే నిప్పురవ్వ పడుతోందా లేదా అన్నది, సరిచూడాలి, ఈ వీడియోలో మీరు ఒకటికి రెండుసార్లు చూడాల్సిన భాగం ఇదే.

ఈ పుల్లీని దగ్గరగా చూడండి. దీని మీద పసుపు గుర్తు ఒకటి, ఎరుపు గుర్తు ఒకటి ఉన్నాయి, ముందు కవరు మీద ఈ పిన్ ఉంది. ఈ రెండు గుర్తుల్లో ఏదీ టీడీసీ (మిశ్రమం పూర్తిగా నొక్కుకుపోయే స్థానం) కాదు. పసుపు గుర్తు పిన్ దగ్గరికి వచ్చినప్పుడు షాఫ్ట్ టీడీసీ దాటి 5 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఎరుపు గుర్తు వచ్చినప్పుడు 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఒక్కో రోటర్‌కు రెండు ప్లగ్గులుంటాయి, ముందు మెరిసేది లీడింగ్, తర్వాత మెరిసేది ట్రెయిలింగ్. పసుపు లీడింగ్ ప్లగ్గుకు, ఎరుపు ట్రెయిలింగ్ ప్లగ్గుకు. కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో టైమింగ్‌ను లాక్ చేసి, లీడింగ్‌ను మైనస్ 5 (టీడీసీ దాటి 5 డిగ్రీలు), స్ప్లిట్‌ను (ఆ రెంటి మధ్య తేడా) 15 పెట్టండి. మళ్లీ చెబుతున్నాను, లీడింగ్ మైనస్ 5, స్ప్లిట్ 15.

ఇప్పుడు టైమింగ్ లైట్‌ను ఎల్1 (ముందు రోటర్ లీడింగ్ ప్లగ్గు) తీగకు తగిలించి చూస్తే పసుపు గుర్తు పిన్ మీద నిలబడాలి. నిలబడకపోతే గుర్తును కాదు, సాఫ్ట్‌వేర్‌లో ట్రిగ్గర్ ఆఫ్‌సెట్‌ను (షాఫ్ట్ స్థానం చెప్పే సెన్సర్ సర్దుబాటు) మార్చండి. మీ లైట్‌కు డిగ్రీలు తిప్పే నాబ్ ఉంటే దాన్ని సున్నా మీదే వదిలేయండి, ఎందుకంటే లీడింగ్ కాయిల్ షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేలోపు రెండుసార్లు మెరుస్తుంది, దాంతో ఆ లైట్ లోపలి లెక్క తప్పుతుంది. అందుకే నాకు నాబ్ లేని పాత రకం లైటే ఇష్టం.

తర్వాత లైట్‌ను టీ1 (ముందు రోటర్ ట్రెయిలింగ్ ప్లగ్గు) తీగకు మార్చండి, ఇప్పుడు ఎరుపు గుర్తు పిన్ మీద కనిపించాలి. అసలు ఏ గుర్తూ కనిపించకపోతే టీ1, టీ2 తీగలు తారుమారయ్యాయన్నమాట. లీడింగ్ తీగలు తారుమారైనా ఇబ్బంది లేదు, రెండూ కలిసే మెరుస్తాయి. ట్రెయిలింగ్ తీగలు మారితే మాత్రం ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, ఐడిల్ అవుతుంది, మెల్లగా వీధి చుట్టూ తిరుగుతుంది కూడా, కానీ నిప్పురవ్వ సగం చుట్టు తేడాతో తప్పు సమయంలో పడుతుంటుంది. లైట్ పెట్టకుండా దీన్ని పసిగట్టడం కష్టం. ఆఖరుగా 3000 ఆర్‌పీఎం దాకా లేపి చూడండి, గుర్తు పిన్ దగ్గరినుంచి జరగకూడదు. జరిగితే ట్రిగ్గర్ సెట్టింగ్ ఇంకా సరికాలేదు.

లాక్ తీసేసి మ్యాప్‌లోకి, అంటే ఆర్‌పీఎం, ఒత్తిడిని బట్టి అంకెలు నింపే పట్టికలోకి, వెళదాం. బూస్ట్ ఉన్న గడులన్నీ ఒకేసారి ఎంచుకుని స్ప్లిట్ 15 చేశాను. ఒక్కో గడిలో టైప్ చేస్తూ కూర్చోకండి. ప్లగ్గులు నాలుగూ బీయూఆర్9ఈక్యూ, అంటే ట్రెయిలింగ్‌కు కంపెనీ ఇచ్చిన చల్లటి రకాన్నే లీడింగ్‌కూ వాడుతున్నాం. పెట్రోలులో గ్యాలన్‌కు ఒక ఔన్స్ టూ-స్ట్రోక్ ఆయిల్ కలిపాను, ఇంజిన్‌లోకి కొద్దికొద్దిగా నూనె పంపే మీటరింగ్ పంపును మాత్రం తీయలేదు.

స్టార్ట్ చేసే ముందు ఫ్యూయల్, ఇగ్నిషన్ ఆపేసి, ఆయిల్ ప్రెషర్ కనిపించేదాకా క్రాంక్ చేయండి. స్టార్ట్ అయ్యాక పదినిమిషాలు వేడెక్కనిచ్చి, రిటర్న్ గొట్టం కీళ్ల దగ్గర నూనె చెమ్మ ఉందేమో చేత్తో తడిమి చూడండి, కానీ టర్బైన్ వైపు చెయ్యి పోనివ్వకండి.

మొదటి డ్రైవ్‌లో వేస్ట్‌గేట్ (బూస్ట్ మితిమీరకుండా ఎగ్జాస్ట్‌ను పక్కకు వదిలే వాల్వ్) స్ప్రింగ్ ఒత్తిడి చాలు, బూస్ట్ కంట్రోలర్ కలపవద్దు. పక్క సీట్లో ల్యాప్‌టాప్ పట్టుకుని ఒక మనిషి ఉండాలి. నడుపుతూ తెర చూడటం కుదరదు. మూడో గేరులో మెల్లగా బూస్ట్‌లోకి తీసుకెళ్లి, వైడ్‌బ్యాండ్ (గాలి, ఇంధనాల నిష్పత్తి చూపే సెన్సర్) 11 దగ్గర ఉందో లేదో చూడండి. 11.5 దాటగానే కాలు తీసేయండి, లాగ్ సేవ్ చేయండి, ఆ గడుల్లో ఇంధనం పెంచి మళ్లీ వెళ్లండి. నా మొదటి లాగ్ తెరమీద ఉంది: 4500 ఆర్‌పీఎం దగ్గర ఈ చిన్న ఎత్తు కనిపిస్తోంది కదా, సెకండరీ ఇంజెక్టర్లు తెరుచుకునే చోటు అదే, అక్కడి ట్రాన్సిషన్‌ను వచ్చే వీడియోలో సరిచేద్దాం.