మాల్ పడగొట్టి నదిని ఊరికి చూపిస్తున్నారు | స్టాక్టన్‌లో పని ఎంతవరకు వచ్చింది | నాన్నగారు అడిగిన వీడియో

అందరికీ నమస్కారం అండి. ఇవాళ శనివారం. మా ఆయనకి ప్లాంట్‌లో షిఫ్ట్ ఉంది, కాబట్టి నేనూ పాపా బస్సెక్కి ఇంగ్లాండ్‌లోని స్టాక్టన్‌కి వచ్చేశాం. వంట వీడియో పెట్టమని చాలామంది అడిగారు, వచ్చే వారం తప్పకుండా పెడతాను. ఈ వీడియో మాత్రం మా నాన్నగారి కోసం. ఆయన రాజమండ్రి మున్సిపాలిటీలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఆదివారం ఫోన్ చేస్తే ముందు మనవరాలు అన్నం తిందా అని అడుగుతారు, రెండో ప్రశ్న "ఆ మాల్ పడగొట్టిన చోట పని ఎందాకా వచ్చిందమ్మా?" అని. నేను చెప్పేది ఆయనకి చాలడం లేదు, కళ్లతో చూడాలి. అందుకే కెమెరా పట్టుకొచ్చాను.

బస్సు టికెట్ 3 పౌండ్లు. పౌండు నూట పదిహేను చొప్పున వేసుకోండి, 345 రూపాయలు. 2024 చివరిదాకా 2 పౌండ్లే ఉండేది, 2025 జనవరి నుంచి 3 చేశారు. మా పాప చిన్నది కాబట్టి దానికి టికెట్ లేదు. ఈ దేశానికొచ్చి ఆరేళ్లయినా నేను రూపాయల్లో లెక్క కట్టడం మానలేదండి, మానాలని కూడా లేదు.

ఇదుగో, ఇదే స్టాక్టన్ హై స్ట్రీట్. ఇంగ్లాండ్ ఈశాన్యాన, టీస్ నది ఒడ్డున ఉంటుంది ఈ ఊరు. హై స్ట్రీట్ అంటే మన మెయిన్ రోడ్డు బజారు. బ్రిటన్‌లో బాగా వెడల్పైన హై స్ట్రీట్లలో ఇదొకటని చెప్పుకుంటారు. చూడండి, నిజంగానే ఎంత వెడల్పో. ఇక్కడ సంత 1310 నుంచి జరుగుతోంది. బుధవారం, శనివారం గుడారాలు వేస్తారు. అటువైపు తెల్లగా కనిపిస్తున్నది గ్లోబ్ థియేటర్. 1935లో కట్టారు, 1963లో బీటిల్స్ అనే పేరుమోసిన బ్యాండ్ వాళ్లు వచ్చి పాడారు, తర్వాత ఏళ్ల తరబడి మూతపడింది. ప్రభుత్వ డబ్బు పెట్టి బాగుచేసి 2021లో మళ్లీ తెరిచారు. ఖర్చు మొదట అనుకున్నదానికి ఎన్నో రెట్లు పెరిగిందని ఇక్కడివాళ్లు ఇప్పటికీ కోపంగా చెబుతారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. కానీ తలుపులు తెరిచాక సాయంత్రం పూట ఈ వీధిలో మనుషులు కనబడుతున్నారు, అది కూడా నా కళ్లతో చూసిందే. ఐదున్నరకల్లా షట్టర్లు దించేసే ఊళ్లో రాత్రి ఎనిమిదింటికి క్యూ చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది.

సరే, అసలు చోటుకి వద్దాం. పాపా, చెయ్యి వదలకు. ఇక్కడే, ఈ కంచె ఉన్న చోటే, క్యాసిల్‌గేట్ అని పెద్ద షాపింగ్ సెంటర్ ఉండేది, 1970ల నాటిది. మేం 2020 జనవరిలో ఇక్కడికొచ్చాం. ఆ చలికాలం నాకు బాగా గుర్తు. సాయంత్రం నాలుగు దాటేసరికే చీకటి పడేది. మా ఆయన ఆఫీసుకి వెళ్లాక ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేక ఇక్కడికొచ్చేదాన్ని. లోపల వెచ్చగా ఉండేది. కొనడానికేం లేకపోయినా ఆ చివర నుంచి ఈ చివరికి నడిచి, బెంచీ మీద కూర్చుని, అమ్మకి ఫోన్ చేసేదాన్ని. "ఎక్కడున్నావే, అంత గోలగా ఉంది?" అని అమ్మ అడిగితే "బజారుకొచ్చానమ్మా" అనేదాన్ని. అంతకు మించి చెప్పలేదు.

ఒకరోజు కారు పార్కింగ్ పై అంతస్తు ఎక్కాను. పిట్టగోడ దగ్గరికెళ్లి చూస్తే కింద నది! గోదావరి గట్టున పుట్టి పెరిగినదాన్నండి నేను. పొద్దున లేస్తే నీళ్లు కనబడాలి నాకు. అలాంటిది నెల రోజులు నదికి రెండొందల గజాల దూరంలో కూర్చుని కూడా అక్కడ నది ఉందని నాకు తెలియదు. మాల్, పార్కింగ్, పక్కనే హోటల్, ఆ వెనక పెద్ద రోడ్డు. ఊరికీ నదికీ మధ్య గోడ కట్టినట్టు ఉండేవి. వెంటనే నాన్నగారికి ఫోన్ చేశాను. "నదికి వీపు తిప్పి ఊరు కట్టారేంటమ్మా వీళ్లు?" అన్నారాయన.

ఆ తప్పునే ఇప్పుడు దిద్దుతున్నారు. 2019లో కౌన్సిల్, అంటే మన మున్సిపాలిటీ లాంటిది, ఈ మాల్‌ని కొనేసింది. 2022లో పడగొట్టడం మొదలెట్టారు. లోపలున్న దుకాణాల్ని రోడ్డుకి అటుపక్క వెల్లింగ్టన్ స్క్వేర్‌లోకి మార్చారు. ఈ ఖాళీ చోటులో నది దాకా పార్కు వస్తోంది. మధ్యలో అడ్డొచ్చే రోడ్డు మీదుగా మట్టి, గడ్డి వేసిన వెడల్పాటి వంతెన కడుతున్నారు. హై స్ట్రీట్‌లో నిలబడితే నీళ్లు కనబడాలి, నడుచుకుంటూ వెళ్తే ఒడ్డుకి చేరాలి. పథకం మొత్తం అంతే.

డబ్బు ఎక్కడిదని నాన్నగారు మొదటే అడిగారు. ఇక్కడి పద్ధతి మనకి కొత్తగా ఉంటుంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. అప్పట్లో కేంద్ర ప్రభుత్వం ఒక నిధి ప్రకటించేది. ఊళ్లన్నీ దానికోసం పోటీపడి, మా ఊరికి ఇది కావాలి, ఇంతవుతుంది, ఇంత లాభం అని దరఖాస్తులు రాసి పంపేవి. బజారు వీధుల బాగు కోసం పెట్టిన ఫ్యూచర్ హై స్ట్రీట్స్ ఫండ్ అనే నిధిలో 2020 డిసెంబరులో 72 చోట్లకి డబ్బు ప్రకటించారు. అందులో 15 చోట్లకే అడిగినంతా ఇచ్చారు. మిగతావాళ్లకి అడిగినదాంట్లో నూటికి 69 వంతులే. స్టాక్టన్ ఈ రెండో రకం. కోటీ 65 లక్షల పౌండ్లు వచ్చాయి, మన డబ్బులో సుమారు 190 కోట్లు. పక్కనే మిడిల్స్‌బరోకి అదే నిధిలో కోటీ 41 లక్షల పౌండ్లు. నది అవతలి ఒడ్డున ఉన్న థార్నబీకి టౌన్ డీల్ అనే వేరే నిధిలో 2 కోట్ల 39 లక్షలు. టౌన్ డీల్‌లో 101 ఊళ్లు ఉన్నాయి, మామూలుగా ఒక్కో ఊరికి ఇచ్చే పైహద్దు రెండున్నర కోట్ల పౌండ్లు.

డబ్బు ప్రకటించడానికీ ఖర్చు పెట్టడానికీ మధ్య ఉన్న దూరం దగ్గరే నాకు బాధ. 2024 మార్చిలో ప్రభుత్వ ఖర్చుల్ని తనిఖీ చేసే ఇక్కడి పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీ ఒక నివేదిక ఇచ్చింది. ఇలాంటి నిధులన్నీ కలిపి 1,047 కోట్ల పౌండ్లు ఇస్తామన్నారు, 2023 సెప్టెంబరు నాటికి స్థానిక సంస్థలు ఖర్చు పెట్టగలిగింది 124 కోట్లు. నూటికి పన్నెండు వంతులు కూడా కాదు! పోటీ ఫలితాలు ఆలస్యం, మధ్యలో కోవిడ్, ఆ తర్వాత ఇనుము, సిమెంటు ధరలు పెరగడం. టెండరు పిలిచేసరికి పాత అంచనా చాలదు. గడువు పొడిగిస్తారు, మళ్లీ పొడిగిస్తారు.

ఇది చెబితే నాన్నగారు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "2003 పుష్కరాలకి ఘాట్ల పని చేశాం కదమ్మా. పుష్కరం తేదీ ఎవరూ వెనక్కి జరపలేరు. బృహస్పతి ఆగడు. రాత్రీ పగలూ చేశాం. మీ దగ్గర అలా తోసే తేదీ లేదు, అదే తేడా." ఎంత నిజమో అనిపించింది నాకు. ఇప్పుడు 2027 పుష్కరాలకి అక్కడ మళ్లీ పనులు. ఆయనకి రోజూ గట్టు మీదికెళ్లి చూసొచ్చే పని దొరికింది.

కానీ ఒక మంచి మాట కూడా చెప్పాలి. ఈ కరెంటు స్తంభానికి కట్టిన కాగితం చూడండి, జూమ్ చేస్తాను. ఇక్కడ ఏం కట్టబోతున్నారు, ప్లాన్లు ఎక్కడ చూడొచ్చు, అభ్యంతరం ఉంటే ఏ తేదీలోపు చెప్పాలి, అన్నీ రాసుంటాయి. ఈ దేశంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ఈ పార్కు ప్లాన్ బొమ్మలు జనానికి చూపించినప్పుడు నేనూ వెళ్లాను, కాగితం మీద రాసిచ్చాను: "నీళ్ల దగ్గర కూర్చోవడానికి చోటు ఎక్కువ ఉండాలి, పెద్దవాళ్లు లేవడానికి పట్టుకునే కడ్డీ ఉండాలి" అని. ఎవరూ నువ్వెవరు, ఎక్కడినుంచొచ్చావు అనలేదు. కాగితం తీసుకుని థ్యాంక్స్ చెప్పారు. ఆ రోజు ఇంటికెళ్తుంటే ఈ ఊరు నాది కూడా అనిపించింది.

కొంచెం దగ్గరికెళ్దాం. కంచె సందులోంచి తీస్తున్నాను, కాస్త ఊగుతుంది. నాన్నగారూ, ఇది మీకోసమే. అదుగో ఆ పసుపు కోటు ఆయన రాళ్లు పరుస్తున్నాడు. కింద గ్రావెల్ దిమ్మిస కొట్టి చదును చేశారు, పైన ఇసక పొర. నూలు తాడు లాగి కట్టాడు, ఆ తాడు వెంబడే రాయి పెడుతున్నాడు. రబ్బరు సుత్తితో నాలుగు మూలలా తట్టి, రసమట్టం పెట్టి చూస్తున్నాడు. కుదరలేదు, మళ్లీ తీశాడు. వేలితో ఇసక సర్ది మళ్లీ పెట్టాడు. ఒక్క రాయికి మూడుసార్లు. రాళ్లు చిన్న వాలుగా ఉన్నాయి, వాననీళ్లు అటు కాలవలోకి పోవడానికి అనుకుంటా. మీరు మొదట అడిగేది అదే కదా.

ఇందాక ఆ బెంచీ మీద ఒక పెద్దావిడ పాపని చూసి నవ్వారు. "ఏం చూస్తున్నావు, పెట్?" అన్నారు. ఈ వైపు ఆప్యాయంగా అలాగే పిలుస్తారండి, మన అమ్మడూ అన్నట్టు. ఆవిడ పెళ్లి బూట్లు ఈ మాల్‌లోనే కొన్నారట. "పడగొడుతుంటే ఏడ్చాను, ఇప్పుడు గాలి తగులుతుంటే బాగుంది" అన్నారు. నాకూ అలాగే ఉందండి. నేను అమ్మకి ఫోన్ చేసిన ఆ బెంచీ ఎటుపోయిందో.

ఇంకొకటి, ఇది నాన్నగారికి ఎంత ఇష్టమో. ఈ నది మీద, ఊరికి దిగువన, ఒక బ్యారేజీ ఉంది. 1995లో కట్టారు. సముద్రపు పోటు పైకి రాకుండా ఆపి, ఇక్కడ నీళ్లు ఎప్పుడూ ఒకే మట్టంలో ఉంచుతుంది. ఊరికి దిగువన బ్యారేజీ! మనకి ధవళేశ్వరం ఉన్నట్టే. వెడల్పు చూస్తే మన కాలవంతే ఉంటుందిలెండి, గోదావరితో పోల్చకూడదు. కానీ ఆ మాట చెప్పగానే ఆయన గొంతు మారింది. "అయితే నువ్వు సరైన ఊళ్లోనే ఉన్నావు" అన్నారు. ఆరేళ్లలో ఆ మాట అనడం అదే మొదలు.

చినుకులు మొదలయ్యాయి, పాప టోపీ పెట్టుకోనంటోంది. సంతలో ఒక కట్ట కొత్తిమీర తీసుకుని బస్సెక్కాలి, పౌండు, 115 రూపాయలు, మీరు అనబోయేది నాకు తెలుసు. ఇదుగో ఇప్పుడే నాన్నగారి మెసేజ్ వచ్చింది, చదువుతాను: "రాయి పరిచేది బాగుంది. వచ్చే వారం ఆ వంతెన పక్కనుంచి తీయి. పక్క గోడలో నీళ్లు బయటికి పోయే గొట్టాలు ఎన్ని అడుగులకొకటి పెట్టారో లెక్కపెట్టి చెప్పు." సరే నాన్నగారూ. వచ్చే శనివారం టేపు కూడా తెస్తాను.